బోనులోని భూతదయ

మనుష్యుడు తనకంటె చిన్నవైన ప్రాణులతో వ్యవహరించుటయందు లోకమున మొదటినుండియు రెండు మార్గములు ప్రసిద్ధములై యున్నవి. చంపువాడు చంపుచున్నాడు, సహించువాడు సహించుచున్నాడు. మొదటివానిని క్రూరుడనియు, రెండవవానిని సాధువనియో చేతకానివాడనియో, ఎవరి అభిరుచి ననుసరించి వారు పిలుచుచుందురు. ఈ రెంటికిని నడుమ, చంపిన పాపము అంటకుండను, సహించు కష్టము కలుగకుండను, పైపెచ్చు పుణ్యముగూడ కొంత చేతికి చిక్కునట్లుగను, మూడవ మార్గమొకటి మన పట్టణముల కాలనీలలో, ప్రహరీగోడల లోపల, జామచెట్ల క్రింద, నీళ్ళ కుండీల ప్రక్కన మిక్కిలి వృద్ధి పొందినది. అది యేమనగా, బోను పెట్టి పట్టి, గోనెసంచిలో వేసి, మఱియొకరి వీధిలో వదలివచ్చుట. ఈ పని చేయు మహనీయుల నెవరి నడిగినను, అందఱును ఒక్క గురువునొద్ద ఒక్క మంత్రమే ఉపదేశము పొందినట్లు, "మేం చంపం మాస్టారూ, పట్టి వదిలేస్తాం" అని సెలవిత్తురు. ఆ వాక్యమును పలుకునపుడు వారి ముఖమున ప్రసరించు శాంతిని చూచినచో, వారిని బుద్ధభగవానుని ప్రక్కన కూర్చుండబెట్టుటకు చేతిలోని ఆ బోను ఒక్కటియే అడ్డమని తోచును.

ఈ వర్గమునకు చెందిన యొకరు రాజమహేంద్రవరమున మా యింటికి ఉత్తరముగా, ఒక్క గోడ ఎడముతో, నివసించుచున్నారు. పెద్ద ఉద్యోగము చేసి విశ్రాంతి తీసికొన్నవారు. ఉదయమున సహస్రనామము, సాయంకాలమున గోదావరిగట్టు మీద నడక, ఏకాదశినాడు ఉపవాసము తప్పనివారు. ఎరువు తీసికొన్న నిచ్చెనను తుడిచి మఱి తిరిగి యిచ్చునట్టివారు. ఇట్టివారిని గూర్చి వ్రాయుటకు నాకు గల కారణము వారి పెరటిలోని బోను ఒక్కటియే. అది అంగడిలో దొరకు చెక్క యెలుకబోను కాదు. వెల్డింగు దుకాణమున కొలతలిచ్చి, దగ్గఱ కూర్చుండి చేయించిన ఇనుపబోను. మూడడుగుల పొడవు, ఒక చివర పైకెత్తి నిలుపు రేకు తలుపు, రెండవ చివర ఎర తగిలించు కొక్కెము, ఈ రెంటిని కలుపుచు ఒక సన్నని తీగ. ఎరను లాగగానే తీగ జారును. తీగ జారగానే తలుపు పడును. నడిరాత్రి ఆ తలుపు పడిన ధ్వనికి మా వీధిలో పసిపిల్లలు ఉలికిపడి లేతురు. మా పొరుగువారు మాత్రము దానిని విని, చేసిన తపస్సు ఫలించినవారివలె, ప్రక్కకు ఒత్తిగిల్లి సుఖనిద్ర పోవుదురు.

వీరు చంపకపోవుటకు కరుణకంటె బలవత్తరమైన కారణమొకటి కలదు. పిల్లిని చంపినవాడు బంగారుపిల్లిని చేయించి దానమియ్యనిదే పాపము తీఱదని మన పెద్దలు కట్టడి చేసినారు. ఆ కట్టడి చేసిన మహాత్ములెవరో గాని, మనుష్యుని గుండె యెక్కడ నుండునో ఎఱిగినవారు. మార్జాలజాతికి వారు చేసిన మేలు ఏ చట్టసభయు చేయజాలదు. బంగారము నేడమ్ముచున్న ధరకు, బొటనవ్రేలంత పిల్లిని చేయింపవలెనన్నను, ఆడపిల్ల పెండ్లికి దాచినదానిని కరగింపవలసి వచ్చును. కావున అహింస మా కాలనీలో పరమధర్మముగా నిలిచినది.

ప్రభుత్వముగూడ ఈ విషయమున తన వంతు వెల కట్టకపోలేదు. రుక్మిణీదేవి అరండేల్ 1953లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు ప్రేరణముగా, 1960లో జంతుహింసా నివారణ చట్టము పుట్టినది. నాట్యమును గుడినుండి వేదికకు తెచ్చి గౌరవము కల్పించిన ఆ మహాసాధ్వియే 1962లో జంతు సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనది. కదలుటకు చాలని బోనులో ప్రాణిని బంధించుటయు, ఆకలిదప్పులకు మాడునట్లుగా దానిని వదలివేయుటయు ఆ చట్టమున 11వ సెక్షను క్రింద నేరములే. అయితే మొదటిసారి నేరమునకు శిక్ష యేమనుకొనుచున్నారు? పది రూపాయలకు తక్కువ గాక, యాభై రూపాయలకు మించక జరిమానా. 1960లో ఆ మొత్తము ఒక గుమాస్తాకు నిద్రపట్టనీయనిదే కావచ్చును. నేడు ఆ యాభై రూపాయలతో మా ఊరి ఫలహారశాలలో నేతి పెసరట్టు ఉప్మాతోసహా లభించుట దుర్లభము. శాస్త్రము పిల్లికి బంగారముతో వెలకట్టగా, చట్టము దానిని పెసరట్టుకంటె దిగువన నిలిపినది. మా పొరుగువారు శాస్త్రమునకు భయపడి చట్టమును లెక్కచేయకుండుటలో ఆశ్చర్యమేమున్నది?

ఇక ఎర విషయము. వారి పెరటిలో ప్రతి రాత్రియు జరుగు సంతర్పణను కన్నులార చూచినవాడను గనుక చెప్పుచున్నాను. పిల్లికి ఎండుచేప, అదియు ఇంటివారు శాకాహారులగుటచే పనిమనిషిచేత తెప్పించి, చీపురుపుల్లతో కొక్కెమునకు గ్రుచ్చినది. ఎలుకకు కాల్చిన కొబ్బరిముక్క, లేదా సాయంకాలము బండిమీద కొన్న మసాలావడ. ఉడుతకు జామపండు. ముంగిసకు కోడిగ్రుడ్డు. ఈ సుగంధములన్నియు గాలిలో కలిసి నాలుగు వీధులవఱకు వ్యాపించునప్పటికి, ఎన్నడును మా కాలనీ ముఖమెఱుగని జంతువులు సైతము చీకటిపడగానే దారి కనుగొని వచ్చుచున్నవి. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చినవారికిగూడ అన్నము పెట్టి అపర అన్నపూర్ణ యనిపించుకొన్నారు. ఆ సీమ వాసన మా పొరుగువారికిని తగిలినది గాని, ఆమె యింట భుజించినవారు తిరిగి తమ యిండ్లకు పోగలిగినారు. "రోజు రోజుకీ వీటి బెడద ఎక్కువైపోతోంది మాస్టారూ, ఎక్కణ్ణించి వస్తున్నాయో!" అని వీరు నాతో వాపోవునపుడు, కొక్కెమున వ్రేలాడు మసాలావడ నా కన్నులయెదుటనే యుండును. ఏమని చెప్పుదును?

పట్టిన ప్రాణిని ఎక్కడ వదలవలెనన్నది ఈ విద్యలో అత్యంత గహనమైన భాగము. పిల్లి దారి గుర్తుపట్టి తిరిగి వచ్చునను భయముచే దానిని గోనెసంచిలోనికి దులిపి, మూతి పురికొసతో బిగించి, స్కూటరు ముందరి పలకపై కాళ్ళనడుమ నిలిపికొని, తెల్లవాఱకముందే బయలుదేరి, 1974లో ప్రారంభమైన ఆ రోడ్డు-రైలు వంతెన మీదుగా గోదావరిని దాటించి, కొవ్వూరు పొలిమేరలో వదలివత్తురు. గుహుడును ప్రాణులను నది దాటించినవాడే. కాని గుహుడు దాటించినది తాను కొలిచిన స్వామిని, వీరు దాటించునది తాము వలదనుకొన్న జీవిని. కొవ్వూరే ఎందులకని యడిగితిని. "గోష్పాదక్షేత్రం కదండీ, దానికీ పుణ్యమే!" అనిరి. పిల్లి తరపున తీర్థయాత్ర సంకల్పము చెప్పి, ప్రయాణపువ్యయము తామే భరించి, పెట్రోలు ధరను గూర్చి విసుగుకొనకుండ పుణ్యము చేయించు పొరుగువారు ఎందఱకు దొరకుదురు?

కొవ్వూరునందు కొవ్వూరువారు నివసించుచున్నారన్న విషయము ఈ భూతదయలో ఎచ్చటను గణనకు రాదు. వారికిని పెరళ్ళున్నవి; పాలగిన్నెలున్నవి; వారిలోను ఏకాదశి ఉపవాసముండు విశ్రాంతోద్యోగి యొకరు తప్పక యుండియే యుందురు. ఆయనయు పిల్లిని చంపరు. ఆయనకును బంగారము ధర తెలియును. ఆయనకును దారి ఆ వంతెనయే. ప్రాతఃకాలమున మంచులో, నడివంతెన మీద, ఎదురెదురుగా వచ్చు రెండు స్కూటర్లను, రెంటి ముందును మూతికట్టిన గోనెసంచులను, ఒకరినొకరు చూచికొని నమస్కరించి సాగిపోవు ఇరువురు సజ్జనులను నేను తఱచు ఊహించుకొందును. వారి చేతిలోని సంచులను అక్కడనే మార్చుకొన్నచో పెట్రోలు సగము మిగులును.

ఇందులోని తమాషా యేమనగా, పంపిన చోటికి దుఃఖము, వదలిన చోటికి దుఃఖము తప్ప ఈ వినిమయమువలన ఎవరికిని లాభము లేదు. ఒక పిల్లి తిరుగు తావు ఖాళీయైనంతనే, అక్కడ తిండి దొరకుచున్నంతకాలము, ఇంకొక పిల్లి వచ్చి దానిని స్వాధీనము చేసికొనును. కొత్తచోట దించబడిన పిల్లియో, నీరెక్కడనో నీడయెక్కడనో యెఱుగక, అక్కడి పిల్లులతో కఱచుకొని, లారీ క్రిందనో కుక్కల నోటనో పడును. ఈ సంగతి ప్రభుత్వమువారికి తెలియును. వీధికుక్కల జననియంత్రణకై 2001లో చేసిన నియమములందును, వానిని మార్చి 2023లో వెలువరించిన నియమములందును, కుక్కను పట్టి శస్త్రచికిత్స చేసి టీకా వేసిన పిదప, దానిని ఎచ్చట పట్టిరో అచ్చటనే వదలవలెనని స్పష్టముగా నున్నది. కుక్కకు స్వస్థలమొకటి యుండునని భారతప్రభుత్వము అంగీకరించినది. మా పొరుగువారు మాత్రము, ఉద్యోగకాలమున తమకు బదిలీ ఉత్తర్వు వచ్చినపుడెల్ల దానిని రద్దు చేయించుకొనుటకు హైదరాబాదు చుట్టు ప్రదక్షిణములు చేసినవారయ్యు, ఇతర ప్రాణుల బదిలీలయందు ఇంత తేలికగా సంతకము పెట్టుదురు.

ఒకనాటి ఉదయమున వారు పూజలో నుండగా గోడమీదుగా ఆ బోనువంక చూచితిని. లోపల బూడిదరంగు ఆడపిల్లి యొకటి యున్నది. రాత్రియంతయు ఇనుపజాలి సందున మూతిని దూర్చి దూర్చి నెట్టుటచే ముక్కుమీది చర్మము చిట్లి, అక్కడ రక్తము నల్లగా గడ్డకట్టియున్నది. ముందఱి పంజా గోరొకటి ఊడి, తలుపు రేకు అంచున చిక్కి యున్నది. ఎండుచేప కొక్కెమున చెక్కుచెదరక వ్రేలాడుచున్నది. అంత కష్టపడి తెప్పించిన విందును అది ముట్టలేదు. పొట్ట క్రింద పాలు చేపి, రొమ్ములు బిగిసి, అది పడుకొన్నచోట బోను అడుగు తడిసియున్నది. పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని మనవారు చెప్పుకొందురు గదా; ఆ యేడిండ్లలో నాలుగవదో అయిదవదో అగు మా అటకమీద దాని పిల్లలున్నవని అప్పటికి మా యింట అందఱకును తెలియును, వారికిని తెలియును. గోడ మీదుగానే పిలిచి, "అది బాలింత అండీ, వదిలిపెట్టండి" అంటిని. వారు పూజ ముగించి, తీర్థము పుచ్చుకొని వచ్చి, తాపీగా చూచి, "అలాగా! అయితే పిల్లల్ని కూడా పట్టి తల్లి దగ్గరికే పంపిద్దాం. తల్లీపిల్లల్ని విడదీయకూడదు కదా!" అనిరి. ధర్మసందేహము ఇంత సులభముగా తీఱునని నేనెఱుగను. పిల్లలు వారి చేతికి దొరకలేదు; తల్లి ఆ పూటనే కొవ్వూరు చేరినది. అటకమీద ఆ కూనలు అఱచిన అఱపులు వారి పడకగదిలోనికిగూడ వినబడినవి. "వాటికేదో పాలు పట్టించండి మాస్టారూ, పాపం" అని మఱునాడు చెప్పి పంపిరి. పోనిండు, పాపమన్న మాట వారి నోట వచ్చినది.

ఉద్యోగపర్వమున దుర్యోధనుడు ధర్మరాజునకు చెప్పి పంపిన పిల్లి కథ యొకటి కలదు. ముసలిపిల్లి గంగయొడ్డున చేతులెత్తి తపస్సు చేయుచున్నట్లు నటింపగా, ఎలుకలు నమ్మి దగ్గఱ చేరి, ముసలిదగుటచే నడువలేనన్న ఆ తాపసిని నిత్యము నదీతీరమునకు చేర్చుచుండెను. పిల్లి బలియుచుండెను, ఎలుకలు తఱుగుచుండెను. ఈ కథను మా పొరుగువారికి వినిపించితిని. వారు మిక్కిలి సంతోషించి, "చూశారా! పిల్లి సంగతి భారతంలోనే ఉంది!" అనిరి. నదీతీరమునకు ఎవరు ఎవరిని మోసికొనిపోవుచున్నారో, జపమాల ఎవరి చేతిలో నున్నదో వారికి స్ఫురింపలేదు. దృష్టాంతములు ఎప్పుడును ప్రక్కయింటికే వర్తించును.

పిల్లి కథ యిట్లుండగా, ముంగిస కథ వేఱు. పెరటిలో పామున్నదేమో యను భయముతో సుబ్రహ్మణ్యేశ్వరునకు మ్రొక్కు మ్రొక్కి, ఆ పామును భక్షింపగల ముంగిసను కోడిగ్రుడ్డు పెట్టి పట్టి పంపివేయుటకంటె తర్కమునకు గొప్ప విజయము లేదు. ముంగిస ఎవరి పెంపుడుజంతువును గాదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ పొందిన జీవి. ఆ చట్టమున వేట యనగా తుపాకితో కాల్చుట మాత్రమే కాదు; పట్టుట, ఉచ్చు పన్నుట, బోను పెట్టుట, ఎర చూపుట సమస్తమును వేటయే. 2022 సవరణ తర్వాత సామాన్యమైన ఉల్లంఘనకే మూడేండ్లవఱకు చెఱసాల, లేదా లక్ష రూపాయలవఱకు జరిమానా, లేదా రెండును. అనగా వేకువజామున సహస్రనామము చదువుచు, పట్టుపంచె కట్టుకొని, గ్రుడ్డు కొక్కెమునకు తగిలించిన మా పొరుగువారు, న్యాయశాస్త్రదృష్టిలో వేటగాడు. ఈ మాట చెప్పినపుడు మాత్రము వారికి నిజముగనే కోపము వచ్చినది. "వేటా? నేను ఉల్లిపాయ కూడా తినను!" అనిరి.

గోడమీది సంభాషణలు ఫలింపనపుడు పౌరుడు కార్యాలయములకు పోవలెనని పౌరశాస్త్రపుస్తకములలో చదివినాము. నేనును ఒకదానికి పోతిని. బల్లవెనుక నున్న పెద్దమనిషి నా అర్జీని ఆద్యంతము ఓపికగా చదివి, "పిల్లి మీదా?" అని యడిగెను. కాదంటిని. "ఆయనదా?" కాదంటిని. "మరి ఎవరిదీ కాని పిల్లికి మీరెందుకు సంతకం పెట్టారు?" అనెను. రాజ్యాంగమున 51ఏ అధికరణము, 1976లో 42వ సవరణచే చేరినది, ప్రాణులయందు దయ కలిగియుండుట పౌరుని ప్రాథమిక విధియని చెప్పుచున్నదంటిని. ఆయన కలము క్రింద పెట్టి, "విధి కదా, మీరు చెయ్యండి. మేము వద్దన్నామా?" అని, ఎదుటివాని అజ్ఞానమును క్షమించువాని చిరునవ్వు నవ్వెను. ఇంత స్పష్టమైన రాజ్యాంగవ్యాఖ్యానమును నేనెక్కడను వినలేదు.

మా పొరుగువారొక్కరిని అనుటకు నాకు మనసొప్పదు. వారు పెరటిలో చేయుచున్నదానినే ఊళ్ళకు ఊళ్ళు చేయుచున్నవి. తెలంగాణ పల్లెలలో కోతుల బాధ ఎంతటిదో అనుభవించినవారికే తెలియును. మొక్కజొన్న కంకి, కూరగాయపాదు, పెంకుటింటి కప్పు, పిల్లల చేతిలోని తినుబండారము ఏదియు మిగులదు. పంట మానుకొన్న రైతును నేను పరిహసింపను. ఆయన కష్టము నిజమైనది. పరిహసింపదగినది ఆయనకు చూపబడుచున్న ఉపాయము. పంచాయతీ చందాలు వసూలు చేసి, కోతులు పట్టువారిని పిలిపించి, తలకింత అని బేరమాడి, బోనులు నింపి వ్యాను ఎక్కించును. వ్యాను రాత్రివేళ నాలుగు ఊళ్ళ అవతల, అడవి యని పిలువబడు నాలుగు తుమ్మచెట్ల నడుమ, తలుపులు తెఱచును. ఉదయమునకు ఆ ఊరివారు లేచి, తమ కోతులు రెట్టింపగుట చూచి, తామును చందాలు వసూలు చేయుదురు. కోతులు పట్టువానికి మాత్రము ఈ విశాలదేశమున ఏనాటికిని పనిలేకపోవుట యుండదు. పట్టినవానినే పట్టుచు తన మనుమనికిగూడ ఈ వృత్తిని అప్పగింపవచ్చును.

2015లో హరితహారము మొదలిడినపుడు, వానలు వాపసు రావలె, కోతులు వాపసు పోవలె నను నినాదము ఊరూర మ్రోగినది. అందులో ఒక సత్యమున్నది. చెట్టు పోయినందున కోతి ఊరిలోనికి వచ్చినది. కాని నాటిన మొక్క ఫలవృక్షమగుటకు పట్టు కాలము ఎన్నికల నడిమి కాలముకంటె ఎక్కువగుటచే, కోతి వాపసు పోవుటకు తొందరపడుట లేదు. నిర్మల్ దగ్గఱ చించోలిలో 2020లో కోతుల సంరక్షణకేంద్రమొకటి తెఱచి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్సలు చేయుచున్నారు. అది నిదానమైన పని, ఓపిక గల పని. చేసినది కంటికి కనబడని పని. వ్యాను నిండ బోనులను ఎక్కించి ఊరి నడుమ ఊరేగించినచో కనబడునంత పౌరుషము శస్త్రచికిత్సలో ఎక్కడ కనబడును?

అసలు ఉచ్చు పన్నుట ఎఱిగినవారు మన దేశమున లేకపోలేదు. డెల్టా వరిపొలములలో ఎలుకలు పట్టు యానాదులను చూడుడు. కన్నమునుచూచి లోపల ఎలుక యున్నదో లేదో, గట్టు మీది మట్టినిచూచి అది ఏ రాత్రి త్రవ్వినదో చెప్పగలరు. కుండలో గడ్డి రాజవేసి పొగ ఊదుటలోను, బుట్టలు పెట్టు చోటు నిర్ణయించుటలోను తరతరముల విద్య యున్నది. వారు ఎలుకను పట్టుదురు, చంపుదురు, దాపఱికము లేదు; పట్టినదానిని ప్రక్క రైతు పొలములో వదలి పుణ్యము సంపాదించితిమని చెప్పుకొనరు. వారి బుట్టకును మా పొరుగువారి బోనుకును గల భేదము జ్ఞానమునకును విసుగునకును గల భేదము. విసుగు పన్నిన ఉచ్చు ఎవరు వచ్చుచున్నారో చూడదు. ఎలుకకని పఱచిన జిగురు అట్టమీద పిచ్చుక అంటుకొని ఈకలూడి చచ్చును. అడవిపందికని పొలము చుట్టును లాగిన కరెంటు తీగకు ఎద్దు తగులును, తెల్లవాఱుజామున నీరు పెట్టవచ్చిన మనిషి తగులును. ఆసిఫాబాద్, మంచిర్యాల అడవుల అంచున పులులే తగులుకొని చచ్చినవి. అయినను తీగ లాగినవాడు "నేను పందికి కదా పెట్టాను" అనును. మా పొరుగువారును "నేను ఎలుకకు కదా పెట్టాను" అందురు.

చేయవలసిన పని యేమని వారడిగినచో చెప్పుదును. అడుగరు గనుక ఇక్కడ వ్రాయుచున్నాను. గోడవారగా పోయుచున్న ఎంగిలి విస్తళ్ళకు మూత గల డబ్బా యొకటి. స్నానాలగది గవాక్షమునకు ఇనుపజాలి. మేడమీదికి వ్రాలిన జామకొమ్మ నఱకుటకు ఒక పూట కూలి. కాలువ తూమునకు చిల్లుల పలక. వీని ఖర్చు ఆ బోను ఖర్చును మించదు. అయితే ఇందులో నడిరాత్రి ధ్వని లేదు, వేకువజామున వంతెన లేదు, "నిన్న ఏం పడింది సార్?" అని ప్రొద్దుట కాలనీవారు వచ్చి అడుగు వైభవము లేదు. మూత గల డబ్బాను చూచుటకు ఎవరు వత్తురు?

ఇన్ని విధముల పిల్లులు కొవ్వూరు చేరి, ముంగిస అంతర్ధానమై, పెరడు నిష్కంటకమైన పిదప, మా రెండిండ్ల నడిమి గోడ పునాది ప్రక్కన మెత్తని మట్టిగుట్టలు లేచుట కనబడెను. మొదట ఒకటి, పిదప గోడ పొడవునను. ఎవరును శత్రువు లేని రాజ్యములోనికి పందికొక్కులు దిగినవి. వీని మూత్రమువలన వచ్చు లెప్టోస్పైరోసిస్ జ్వరమును గూర్చి వైద్యులు చెప్పుచునే యున్నారు. మా పొరుగువారికి జ్వరముకంటె గోడ ముఖ్యము. బోను మఱల కదలినది. ఈసారి కాల్చిన కొబ్బరి.

పడినది. పడినదాని ప్రమాణమును చూచి వారు నాలుగడుగులు వెనుకకు వేసినారని వారి పనిమనిషి చెప్పినది. నేను పోవునప్పటికి అది బోను నడుమ వీపుమీది ముళ్ళవంటి వెండ్రుకలన్నిటిని నిక్కించి, గుఱ్ఱుమని శబ్దము చేయుచు నిలిచియున్నది. అప్పటికే ఒక గోనెసంచి అడుగు కొఱికివేయబడినది. విఘ్నేశ్వరుని వాహనమునకు పెద్దన్న వరుసగుటచే వారు దానిని చీపురుతోనైనను ముట్టరు. స్కూటరు మీద కాళ్ళనడుమ పెట్టుకొనుటకు అసలే సాహసింపరు. "మాస్టారూ, మీరు జంతువుల పక్షం కదా! కాస్త ఆ తలుపు ఎత్తి మీరే ఏదో ఒకటి చేద్దురూ" అని, మెట్లమీదనుండి, నాకు తెలిసి మొదటిసారి ప్రాధేయపడిరి.

నేను వంగి తలుపెత్తితిని. పందికొక్కు ఒక్క క్షణము ఆగి, ఇరువురను చూచి, తొందర లేని నడకతో పోయి, వారి గోడ క్రిందనే, తాను త్రవ్వుకొన్న కన్నములోనికే దూరినది.

"అయ్యయ్యో, ఇక్కడే వదిలేశారేమండీ!"

"ఎక్కడ పట్టితే అక్కడే వదలాలండీ. 2023 నియమాలు."

"అది కుక్కల సంగతండీ!" అని వారు మెట్లమీదనుండి కేకవేసి, మా పరిచయములో మొట్టమొదటిసారిగా చట్టమును సరిగా ఉదాహరించిరి.